బందరు రోడ్డు: స్వరాజ్ మైదానంలో 43,381 రూపాయల లెక్క

మన ఊళ్ల వీధులు - 5



పోయిన నాలుగు భాగాల్లో పల్లెల్లోని దారుల గురించి మాట్లాడుకున్నాం. ఊరికి పడమరో దక్షిణమో మన వాడలు ఎందుకున్నాయి, బావి దారి ఎవరిది, చావిడి ముందు నుంచి చెప్పులు తొడుక్కుని నడిచే హక్కు ఎప్పుడు వచ్చింది, ఇవన్నీ చూశాం. ఈసారి పట్నంలోకి వద్దాం. పట్నంలో కులం ఉండదని నమ్మే మిత్రులు చాలామంది ఉన్నారు. వాళ్లను నాతోపాటు విజయవాడ బందరు రోడ్డు మీద ఒక నాలుగు కిలోమీటర్లు నడవమంటున్నాను. కంట్రోల్ రూమ్ దగ్గర మొదలుపెడితే బెంజి సర్కిల్ దాకా. ఎండ తగ్గాక నడుద్దాం లెండి.

ముందు పేరు సంగతి. బందరు అంటే రేవు, పారశీకం మాట. మచిలీపట్నం రేవుకు పోయే దారి కాబట్టి బందరు రోడ్డు. కార్పొరేషన్ కాగితాల్లో దీని పేరు మహాత్మాగాంధీ రోడ్డు. అటు పక్క ఏలూరు రోడ్డుకు కార్ల్ మార్క్స్ రోడ్డు అని పేరు. కాంగ్రెసు వాళ్లకొకటి, కమ్యూనిస్టులకొకటి. నగరంలో రెండు పెద్ద రోడ్లనూ రెండు పెద్ద సిద్ధాంతాలు పంచుకున్నాయి. ఆటో అబ్బాయిని గాంధీ రోడ్డుకు పోనివ్వమని అడగండి, ఒక్క క్షణం ఆలోచిస్తాడు. బందరు రోడ్డు అంటే చాలు, మీటరు లేకుండానే రేటు చెప్పేస్తాడు. పేరు పెట్టే అధికారం ఒకరిది, పిలిచే నాలుక ఇంకొకరిది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, 1917 దగ్గరికి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

ఈ రోడ్డు మీద అందరికీ తెలిసిన చోటు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్. ఆ మూడక్షరాల్లోనే బెజవాడ చరిత్ర సగం ఉంది. పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటు, అంటే ప్రధానంగా నీళ్ల శాఖ. 1832-33లో గుంటూరు సీమలో కరువొచ్చి జనం పిట్టల్లా రాలిపోయాక, కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాలన్న మాట కంపెనీ సర్కారు చెవికెక్కడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. కెప్టెన్ ఓర్ కట్టించాడు. ఇప్పుడు మనం చూసే ప్రకాశం బ్యారేజీ దాని స్థానంలో 1957లో వచ్చింది. ఆనకట్ట నుంచి తీసిన కాలువలు ఊరి నడుమ నుంచి పారుతున్నాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. వీటి వల్ల మెట్ట మాగాణి అయింది. మాగాణి వడ్లయింది. వడ్లు రైసు మిల్లులయ్యాయి, మిల్లుల డబ్బు సినిమా హాళ్లు, ప్రెస్సులు, కాలేజీలు అయింది. బెజవాడను ఎవరు కట్టారని అడిగితే పాఠ్యపుస్తకం ఇంజినీర్ల పేర్లు చెబుతుంది, కులసంఘం సావనీరు దాతల పేర్లు చెబుతుంది.

మరి నీళ్లు వచ్చిన పొలంలో నాటు వేసింది, కోత కోసింది, కుప్ప నూర్చింది ఎవరు? భూమికి శిస్తు పెరిగింది, ధర పెరిగింది. మాల పల్లెకు, మాదిగ గూడేనికి పెరిగింది పని దినాలు మాత్రమే. పాలేరు పాలేరుగానే ఉన్నాడు. నేను ఆనకట్టకు వ్యతిరేకిని కాను. కాటన్ దొర పటానికి దండ వేసే రైతును చూసి నవ్వను కూడా. కరువులో ముందు చచ్చేది మనవాళ్లే కాబట్టి నీళ్లు రావడం మనకూ మంచిదే. కానీ నీళ్ల పంపకం భూమి పంపకాన్ని అనుసరించింది, భూమి పంపకం కులాన్ని అనుసరించింది. ఈ వాక్యాన్ని మా విద్యార్థులు పరీక్షలో రాస్తే నేను పూర్తి మార్కులు వేస్తాను.

1985 జులై 17న కారంచేడులో జరిగిన మారణకాండ ఎక్కడ మొదలైందో గుర్తుందా? మాదిగలు తాగే నీళ్ల చెరువులో గేదెల కుడితి బకెట్లు కడగడం దగ్గర. అడ్డుకున్న మున్నంగి సువార్త చేతిలో ఉన్నది నీళ్ల బిందె. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, గోనె సంచుల్లో కుక్కి ఎక్కడ పడేశారు? కాలువలో. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. డెల్టా అనే మాట వినగానే మీకు పచ్చని చేను కనబడితే కనబడనివ్వండి. నాకు ఆ కాలువ కూడా కనబడుతుంది. బెజవాడలోనే చూడండి, కాలువగట్ల మీద గుడిసెలు వేసుకుని దశాబ్దాల పాటు బతికింది ఎవరు, సుందరీకరణ అన్న మాట వచ్చిన ప్రతిసారీ ఊరి చివరికి పోయింది ఎవరు? రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే.

ఈ నీళ్ల శాఖ భవనమే ఒకటి తర్వాత ముఖ్యమంత్రి క్యాంపు ఆఫీసయింది, 2019లో రాజ్‌భవన్ అయింది. అదీ ఈ రోడ్డు మీదే. గవర్నరు గారు నీళ్ల శాఖ ఇంట్లో ఉంటున్నారన్నమాట. ముందుకు నడుద్దాం.

మ్యూజియం. పాతవాళ్లకు విక్టోరియా జూబిలీ మ్యూజియం, ఇప్పటి బోర్డు మీద బాపు మ్యూజియం. విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన 1887లో, రాబర్ట్ సూయెల్ అనే అధికారి పునాదిరాయి వేశాడు. ఈ సూయెల్ విజయనగర సామ్రాజ్యం మీద పుస్తకం రాసినవాడే. లోపలికి వెళితే అల్లూరు నుంచి తెచ్చిన బుద్ధుడు నిలబడి ఉంటాడు, సున్నపురాయి శిల్పం. కృష్ణ ఒడ్డున బౌద్ధం ఎంత విస్తరించిందో ఆ ఒక్క విగ్రహం ముందు పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. మా ఎంఏ పిల్లలను తీసుకెళ్లినప్పుడల్లా వాళ్లు ముందు ఆయనతో సెల్ఫీ దిగుతారు. దిగనివ్వండి. తర్వాత ఒకరైనా అడుగుతారు, ఈ బుద్ధుడిని మ్యూజియానికి పంపించి ఆ కొండ మీద ఎవరు కూర్చున్నారు సార్ అని. అదీ క్లాసు.

ఈ మ్యూజియం గురించి మీరు స్కూల్లో చదివింది వేరే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా ఇచ్చింది అప్పుడే. జెండా కథ మనందరికీ బట్టీ వచ్చు. ఆగస్టు 15కు ప్రతి టీవీలో వస్తుంది. ఆ సమావేశంలో తీసుకున్న నిర్ణయాలు మాత్రం ఎవరికీ గుర్తుండవు. వాటి దగ్గరికి వస్తాను, కానీ దానికంటే నాలుగేళ్ల ముందు ఇదే ఊళ్లో జరిగిన ఇంకో సభ గురించి ముందు చెప్పాలి. ఎందుకంటే దాని గురించి టీవీలో రాదు.

1917 నవంబరు 4, 5, 6 తేదీలు. బెజవాడలో ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాజన సభ. ఏర్పాట్లు చూసినవారిలో గూడూరు రామచంద్రరావు ముఖ్యుడు. ఆయన బ్రాహ్మణుడు, సంస్కర్త, గుడివాడ వైపు మన పిల్లల కోసం పనిచేసినవాడు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చాడు. అసలు పేరు మాదరి భాగయ్య. 1888లో పుట్టాడు, అంటే అప్పటికి ముప్పయ్యేళ్లు నిండలేదు. 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి, 1911లో దాన్ని మన్య సంఘంగా మార్చి, హరికథలతో, భజనలతో వాడవాడా తిరిగి మనవాళ్లను కూడగట్టిన మనిషి. జోగిని దురాచారం మీద, తాగుడు మీద యుద్ధం చేసినవాడు. నిజాం రాజ్యం నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చి ఒక మాల యువకుడు సభకు అధ్యక్షత వహించడం, ఆ కాలంలో, ఎంత సంగతో ఊహించండి.

కుర్చీలో కూర్చున్న అధ్యక్షుడు మొదట తప్పుపట్టింది సభ పేరునే. పంచములమని మనల్ని మనం ఎందుకు పిలుచుకోవాలి అన్నాడు. పురాణాల్లోనూ శాస్త్రాల్లోనూ ఎక్కడా లేని మాట అది. ఈ నేలకు మొదటి బిడ్డలం మనం, ఈ దేశాన్ని ఏలినవాళ్లం మనం అని వాదించాడు. సభ ఒప్పుకుంది. పంచమ మహాజన సభగా మొదలైంది ఆది ఆంధ్ర మహాజన సభగా మారింది. ఆహ్వానపత్రం మీద ఒక పేరుతో వచ్చి, ఇంటికి ఇంకో పేరుతో వెళ్లారు మన తాతలు. ఐదో వాళ్లుగా వచ్చి మొదటి వాళ్లుగా వెళ్లారు. లెక్కల్లో ఇంత వేగంగా ఎదిగిన కులం లేదు!

హాస్యానికి అన్నాను కానీ, ఇది మాటల గారడీ కాదు. పంచమ అనేది నాలుగు వర్ణాల లెక్కను ఒప్పుకున్న తర్వాత వచ్చే అంకె. ఆ అంకెను ఒప్పుకుంటే లెక్కంతా ఒప్పుకున్నట్టే. ఆది అనేది ఆ లెక్కలోకే రాదు, లెక్క మొదలవకముందే ఉన్నామంటుంది. తెలుగు సాహిత్యం చదువుకున్నవాడిగా చెబుతున్నాను, ఆధునిక తెలుగులో ఒక్క ఉపసర్గ ఇంత పని చేసిన సందర్భం నాకు ఇంకొకటి కనబడలేదు. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ, పరయ అనే మాటలను పక్కనపెట్టి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లను కాగితాల్లోకి తీసుకుంది. 1931 జనాభా లెక్కల్లో మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఆది ఆంధ్రులమని రాయించుకున్నారు. పేరు పెట్టే అధికారం ఒకరిది, పిలిచే నాలుక ఇంకొకరిది అన్నాను కదా. ఆ మూడు రోజుల్లో రెండూ మనవే అయ్యాయి. సభ పేరుతో ఆగలేదు. మా వాడల్లో బళ్లు కావాలి, బావులు కావాలి, శాసనసభలోనూ స్థానిక సంస్థల్లోనూ మా మనుషులు కావాలి అని తీర్మానించింది. ఇవి ఇవాళ కూడా మనం రాసే వినతిపత్రాల్లా లేవూ?

ఇక రెండో సంగతి. ఆ సభ జరిగిన మూడు రోజులూ కొండ మీద కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. ఊళ్లో ఇంతమంది అంటరానివాళ్లు చేరారు, గుళ్లోకి వచ్చేస్తారేమోనని భయం. సభ ఎజెండా బళ్లు, బావులు, సీట్లు. అమ్మవారిని అడిగినవాడు లేడు. అయినా తాళం పడింది. దసరాకు లక్షల మందికి దర్శనమిచ్చే దుర్గమ్మను మూడు రోజులు బందీ చేసింది మనం కాదు, మన గురించిన భయం. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం రావడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది, 1947 దాకా. మా కాలేజీలో 1921 జెండా కథ అడిగితే క్లాసంతా చేతులెత్తుతుంది. 1917 గురించి అడిగితే ఈ ఏడాది ఒక్క చెయ్యి లేచింది. ఆ అమ్మాయి కూడా గ్రూప్స్ కోచింగులో విన్నదట. కోచింగ్ సెంటర్లకు జై!

ఇప్పుడు 1921కి వద్దాం. బెజవాడలో కాంగ్రెసు పెట్టుకున్న లక్ష్యాలు మూడు. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి వసూలు చేయాలి. కోటిమంది సభ్యులను చేర్చాలి. ఇరవై లక్షల రాట్నాలు తిప్పాలి. చూడండి, అన్నీ కొలవదగిన లక్ష్యాలు. అంతకుముందు ఏడాది నాగపూరు కాంగ్రెసులో అస్పృశ్యత పోవాలని కూడా మాట వచ్చింది. కానీ దానికి అంకె లేదు. ఎన్ని బావులు, ఎన్ని బళ్లు, ఎన్ని గుళ్లు అన్నది ఎవరూ అనలేదు. అంకె లేని లక్ష్యం ఎటు పోతుందో ప్రభుత్వ ఉద్యోగం చేసే ఎవరికైనా తెలుసు.

నిధి వసూలైంది. కోటి దాటింది. ఆ డబ్బు ఏమైందో వరసపెట్టి లెక్క చూసినవాడు ఒకడున్నాడు. 1945లో అచ్చయిన తన పుస్తకంలో బాబాసాహెబ్ ఆ పద్దులు విప్పారు. కాంగ్రెసు, గాంధీ అంటరానివాళ్లకు ఏం చేశారన్నది ఆ పుస్తకం వేసిన ప్రశ్న. ఆ నిధి ఖర్చుల్లో అంటరానివాళ్ల కోసం పోయింది మొత్తం 43,381 రూపాయలని తేల్చారు. కోటి పైన వసూలు, నలభై మూడు వేల మూడు వందల ఎనభై ఒకటి ఖర్చు. ఆ చివర ఒక్క రూపాయి కూడా వదలకుండా రాసిన పద్ధతి చూడండి. కోపంతో కేకలు వేసేవాడు సుమారుగా మాట్లాడతాడు. కొలంబియాలోనూ లండన్‌లోనూ అర్థశాస్త్రం చదివినవాడు ఒకట్ల స్థానం దాకా వెళతాడు.

అదే అధ్యాయంలో స్వామి శ్రద్ధానంద కథ కూడా ఉంది. అంటరానితనం మీద పనిచేయడానికి 1922లో కాంగ్రెసు ఒక కమిటీ వేసింది. ఆయన ఐదు లక్షలు అడిగాడు. ప్రస్తుతానికి రెండు లక్షలు చాలన్నారు, అదీ వసూలు చేసుకోవాల్సిందే. ఉత్తరాలు నడిచాయి, మాట మార్చారు, ఆయన విసిగి రాజీనామా ఇచ్చాడు. 1923లో ఈ పని హిందూ మహాసభ చూసుకోవాలని చెప్పి కాంగ్రెసు చేతులు దులుపుకుంది. జాతీయోద్యమం గురించి నెగెటివ్‌గా రాస్తారేంటి సార్ అని ఇన్‌బాక్సులో అడిగే మిత్రులకు నా మనవి ఒక్కటే. నేను రాయలేదు, పద్దు పుస్తకం రాసింది.

ఇదే 1921లో గోదావరి ఒడ్డున రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ఏం చేస్తున్నాడు? గరిమెళ్ల సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' పాట ఊళ్లూ పట్నాలూ ఊపేస్తున్న రోజులవి. ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాశాడు. ఒక్క రంగు మార్చాడు, అర్థమంతా మారిపోయింది. తెల్లదొర పోవాలన్న మాటకు ఆయన అడ్డు చెప్పలేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో చెప్పండి అన్నాడు. సాహిత్య చరిత్రల్లో గరిమెళ్లకు అధ్యాయాలున్నాయి, ధర్మన్నకు చాలాకాలం పేరా కూడా లేదు. దళిత పరిశోధకులు, కవులు ఆయన్ను తవ్వి తీసి మళ్లీ వెలుగులోకి తెచ్చారు. మన విశ్వవిద్యాలయ విద్యార్థులు పీహెచ్‌డీ అంశం కోసం నాకు ఫోన్ చేసినప్పుడల్లా చెబుతున్నాను, 1917 నుంచి 1931 దాకా కోస్తా జిల్లాల ఆది ఆంధ్ర సభల మీద పనిచేయండి. పత్రికల పాత సంచికలు ఉన్నాయి. దుమ్ముకు తట్టుకునే ముక్కులు కావాలి, అంతే.

ఇదంతా మనసులో పెట్టుకుని ఇప్పుడు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ ముందు నిలబడండి. ఆ మైదానానికి ఇంకో పేరుంది. స్వరాజ్ మైదాన్. ఆ స్వరాజ్యం పేరిట వసూలైన నిధిలో మనవాళ్ల వాటా లెక్కగట్టిన మనిషి విగ్రహం ఇప్పుడు ఆ మైదానంలోనే ఉంది. 2024 జనవరి 19న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఆవిష్కరించారు. 81 అడుగుల పీఠం, 125 అడుగుల విగ్రహం, మొత్తం 206 అడుగులు. దాదాపు 400 కోట్ల ఖర్చు. సామాజిక న్యాయ మహాశిల్పం అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లకు ఈ మైదానం పేరులోని వ్యంగ్యం తట్టిందో లేదో నాకు తెలియదు. బాబాసాహెబ్ చూసుంటే మాత్రం ఆ కళ్లద్దాల వెనక చిన్నగా నవ్వి ఉండేవారు.

మనలోనే దీని మీద రెండు మాటలున్నాయి. విగ్రహాలెందుకు, ఆ డబ్బుతో హాస్టళ్లు కట్టొచ్చు కదా అనేది ఒకటి. ఈ మాట అంబేద్కర్ విగ్రహం దగ్గరే ఎందుకు వస్తుందో నాకు అనుమానం. ఈ రోడ్డు మీద, ఈ ఊళ్లో ఎన్ని విగ్రహాలు లేవు? కంట్రోల్ రూమ్ దగ్గర వైఎస్ విగ్రహాన్ని 2016లో తీసేశారు, ప్రభుత్వం మారగానే మళ్లీ పెట్టారు. ఎవరూ హాస్టళ్ల ఊసెత్తలేదు. ఇదే రోడ్డుకు దగ్గర్లో 1988 డిసెంబరు 26న నిరాహార దీక్షలో ఉన్న వంగవీటి మోహనరంగాను నరికి చంపారు, తర్వాత రోజులపాటు కోస్తా తగలబడింది. ఆ తర్వాత ఎన్ని సెంటర్లలో ఎవరెవరి విగ్రహాలు ఏ కులపోటీలో లేచాయో చెప్పాలంటే ఇంకో భాగం రాయాలి. రెండు బలమైన కులాల కొట్లాటలో ఊరు ఊరంతా నోరు మూసుకుని ఉండటం బెజవాడకు అలవాటు. మన విగ్రహం లేచినప్పుడు మాత్రం అందరికీ ఆర్థికశాస్త్రం గుర్తొచ్చింది.

రెండో మాట, బాబాసాహెబ్ ఇంత ఎత్తున నిలబడ్డారు, ఇంకేం కావాలి అనేది. దానికి నా దగ్గర ఒక తేదీ ఉంది. 2022 మే 24. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు కలపబోతున్నారని అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టారు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు, బస్సులు తగలబెట్టారు. బందరు రోడ్డు పక్కన ఈ విగ్రహం పనులు నడుస్తున్న రోజులే అవి. విగ్రహం ఒక చోట ఉంటుంది, చుట్టూ ప్రహరీ ఉంటుంది, చూడకూడదనుకుంటే తల తిప్పుకుని వెళ్లొచ్చు. జిల్లా పేరు అలా కాదు. ఆధార్ కార్డు మీద ఉంటుంది, పెళ్లి శుభలేఖ మీద ఉంటుంది, పొలం దస్తావేజు మీద ఉంటుంది. నా చిరునామాలో నీ మనిషి పేరు ఉండకూడదు అన్నది ఆ మంటల అర్థం. అందుకే నాకు ఎప్పుడూ 206 అడుగుల ఎత్తు కంటే ఆ రెండు మూడు మాటల పేరే పెద్ద విజయమనిపిస్తుంది. అది ఇప్పటికీ నిలిచింది, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

2024 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. ఆగస్టులో ఒక రాత్రి ఈ ప్రాంగణంలో పాత ముఖ్యమంత్రి పేరున్న అక్షరాలను పీకేశారు. ఒక పార్టీ అంబేద్కర్ మీద దాడి అంది, ఇంకో పార్టీ ఆ అక్షరాలే బాబాసాహెబ్‌కు అవమానం అంది. అంతకుముందు 2017లో ఇంకో ముఖ్యమంత్రి శాఖమూరులో ఇలాంటిదే 125 అడుగుల విగ్రహానికి పునాదిరాయి వేశారు, అది రాయిగానే ఉండిపోయింది. ఎవరి అంబేద్కర్ పెద్ద అనే పోటీలో మనం ప్రేక్షకులం కాకూడదు. ఆ ప్రాంగణం నిర్వహణ ఎవరిది, గ్రంథాలయం, మ్యూజియం, హాలు మన విద్యార్థులకు ఏ షరతుల మీద అందుబాటులో ఉంటాయి, అక్కడ సభ పెట్టుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి అని అడగడం మన పని. నేను మైదానాన్ని పోగొట్టుకున్నవాడిని కూడా. 1989లో మొదలైన పుస్తక మహోత్సవానికి ఏళ్ల తరబడి జనవరిలో ఆ మైదానమే ఇల్లు. 'చిక్కనవుతున్న పాట' నేను కొన్నది అక్కడే, అచ్చయిన చాలా ఏళ్లకు, సగం ధరకు. రైతుబజారు కూడా అక్కడే ఉండేది. విగ్రహం వచ్చాక రెండూ ఇంకో చోటు వెతుక్కున్నాయి. పుస్తకాల కోసం ముంబైలో ఇల్లు కట్టుకున్న మనిషి చుట్టూ ఏడాదికి పది రోజులైనా పుస్తకాల అంగళ్లు ఉంటే బాగుంటుందని నా కోరిక. ఎవరైనా అర్జీ పెడితే మొదటి సంతకం నాది.

లబ్బీపేట దాటి బెంజి సర్కిల్ వైపు వెళ్తే, ఫ్లైఓవర్ల గోలలో ఎవరూ తలెత్తి చూడని చోటొకటి ఉంది. నాస్తిక కేంద్రం. గోరా అని మనం పిలుచుకునే గోపరాజు రామచంద్రరావు, సరస్వతి దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో పటమటకు తెచ్చారు. పుట్టుకతో బ్రాహ్మణులు. కులం పోవాలంటే కంచం కలిస్తే చాలదు, మంచం కలవాలని నమ్మి, తమ ఇంట్లోనే మొదలుపెట్టారు. పెద్ద కూతురు మనోరమను అర్జునరావు అనే దళిత యువకుడికిచ్చి పెళ్లి నిశ్చయించారు. గాంధీ తన సేవాగ్రామ్‌లో జరిపిస్తానన్నాడు. నాస్తికుల పెళ్లి కాబట్టి ప్రమాణంలో దేవుడి పేరు తీసేయడానికి కూడా ఒప్పుకున్నాడు. ఈలోగా ఆయన హత్య జరిగింది. 1948 మార్చిలో ఆయన లేకుండానే సేవాగ్రామ్‌లో పెళ్లి జరిగింది. గాంధీతో నాకున్న తగువు పైన చెప్పాను, దాంట్లో ఒక్క రూపాయి తగ్గించను. ఈ సంగతీ దాచను. చివరి ఏళ్లలో ఆయన, ఒకరు హరిజనులైతే తప్ప పెళ్లిళ్లకు ఆశీర్వాదమివ్వనన్నాడు. 1936లోనే కులనిర్మూలనకు అసలు మందు కులాంతర వివాహమేనని బాబాసాహెబ్ రాశారు. పదేళ్ల తర్వాత పెద్దాయన అదే మందు చీటీ తీసుకుని నిలబడ్డాడు.

ఆ ఇంటికే 1960లో ఇంకో కోడలు వచ్చింది. హేమలత. గోరా కొడుకు లవణం భార్య. ఆమె తండ్రి గుర్రం జాషువా. తండ్రి యాదవ, తల్లి మాదిగ అయిన క్రైస్తవ కుటుంబంలో వినుకొండలో పుట్టి, పద్యం రాసినందుకు పండితుల చేత, క్రైస్తవుడై ఉండి హిందూ కథలు రాసినందుకు సొంతవాళ్ల చేత వెలివేతలు పడ్డ మహాకవి. ఆయన కూతురు బెజవాడలో బ్రాహ్మణ మూలాలున్న నాస్తికుల ఇంట కోడలై, 1970లలో స్టూవర్టుపురం వెళ్లింది. నేరస్థ జాతి అని బ్రిటిషువాడు ముద్ర వేసిన ఎరుకల కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేసింది. తర్వాత నిజామాబాదు జిల్లాలో జోగినీల విముక్తి కోసం నిలబడింది. భాగ్యరెడ్డి వర్మ తన రోజుల్లో ఎవరితో కొట్లాడాడో, అదే దురాచారం, డెబ్బయ్యేళ్లు దాటినా అక్కడే ఉంది. తండ్రి పేరిట జాషువా ఫౌండేషన్ పెట్టి ఇతర భాషల కవులకు కూడా పురస్కారాలిచ్చింది. 2008లో చనిపోయింది. జాషువా కూతురు అని పరిచయం చేయడం సులువు. స్టూవర్టుపురంలో ఆమె చేసిన పని మీద మన వైపు నుంచి ఒక మంచి విమర్శనాత్మక పుస్తకం రావాలి. సంస్కరణ అనే మాటలో ఉండే పెద్దరికాన్ని కూడా పరిశీలిస్తూ రావాలి.

చివరిగా రోడ్డు సంగతే. తెల్లవారుజామున నాలుగు నాలుగున్నరకు బందరు రోడ్డు మీద కనబడే మనుషులు ఎవరు? రెల్లి, మాదిగ, మాల ఆడవాళ్లు, ఆకుపచ్చ కోటు, పొడుగు చీపురు. కోస్తా పట్నాలు మునిసిపాలిటీలైనప్పటి నుంచి పాకీ పనికి, ఊడ్చే పనికి ఉత్తరాంధ్ర నుంచి రెల్లివాళ్లను తెచ్చి పెట్టారు. మూడు నాలుగు తరాలు గడిచినా ఆ చీపురు ఇంకో కులం చేతికి పోలేదు. 2023 డిసెంబరు 26న రాష్ట్రమంతటా మునిసిపల్ కార్మికులు సమ్మె చేశారు. సమాన పనికి సమాన వేతనం, కాంట్రాక్టు వాళ్లను పర్మినెంటు చేయడం, ఇవీ డిమాండ్లు. రెండు వారాలకు పైగా నడిచింది. బందరు రోడ్డు పక్కన కూడా చెత్త గుట్టలు పడింది. జీతం గురించి కొన్ని హామీలు ఇచ్చి, పర్మినెంటు సంగతి అలాగే ఉంచి, జనవరి రెండో వారంలో సమ్మె విరమింపజేశారు. ఆ తర్వాత వారం పది రోజులకే, జనవరి 19న మహాశిల్పం ఆవిష్కరణ. ఆ సభకు వచ్చిన లక్షల మంది వెళ్లిపోయాక ఆ రాత్రి మైదానాన్ని, రోడ్డును ఊడ్చింది ఆ సమ్మె చేసిన చేతులే.

వచ్చే భాగంలో ఏలూరు రోడ్డు. మార్క్స్ పేరు పెట్టుకున్న రోడ్డులో మన కామ్రేడ్లు ఎక్కడ కూర్చున్నారో చూద్దాం. 1917 సభ గురించి మీ తాత ముత్తాతల ఇళ్లలో కాగితం ముక్క ఉన్నా, ఫొటో ఉన్నా, విన్న మాట ఉన్నా కామెంటులో రాయండి.

జై భీమ్.